దరఖాస్తు

ఉద్యోగానికి అప్లై చేశాక కంపెనీకి పంపే ఇంగ్లిష్ థాంక్స్ మెయిళ్లు కరీంనగర్ పిల్లలు నాకు చూపిస్తుంటారు. చాలావాటిలో అదే వేడుకోలు: దయచేసి నా మనవి మన్నించి కొలువు ఇప్పించండి, మీకు రుణపడి ఉంటాను. వంగి దండం పెట్టే ఈ ధోరణి దరఖాస్తు అన్న మాటలోంచే వచ్చిందనిపిస్తుంది. ఫారసీలో ‘ఖ్వాస్తన్’ అంటే కోరుకోవడం. ‘దర్‌ఖ్వాస్త్’ అంటే కోరిక, మనవి. నిజాం కచేరీల భాష మొదట ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ. ఆ కాగితాల మీదుగానే ఈ మాట కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లకు చేరింది. అటు మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారు బంజరు కోసం పెట్టుకునేదీ దరఖాస్తే. దీని తోడుమాట అర్జీ అరబ్బీది, ముందుంచడం దాని అర్థం. మన విన్నపం ‘విజ్ఞాపన’కు తద్భవం, మూలార్థం తెలియజేయడమే, అందులో యాచన లేదు. సోమవారం ప్రజావాణిలో పింఛను కోసం ఇచ్చే కాగితమూ, బీటెక్ చదివిన అమ్మాయి కొలువుకు పంపేదీ ఇవాళ ఒకే పేరుతో నడుస్తున్నాయి. కానీ రెండోది తన పనితనాన్ని ముందుంచడం. థాంక్స్‌కు సరిపోయే మాట కృతజ్ఞత: చేసినదాన్ని ఎరిగి ఉండటం. కాబట్టి ఇంకా ఇవ్వని ఉద్యోగానికి కాదు, దరఖాస్తు చదివినందుకు, ఇంటర్వ్యూకు సమయం ఇచ్చినందుకు థాంక్స్ చెప్పాలి. ఆ పని మీద ఆసక్తి ఒక్క వాక్యంలో రాసి, కింద పేరు, ఫోన్ నంబర్ పెడితే చాలు.