క్రీడయందు కరుణరసము

తెలుఁగున "ఆట" యను మాట మిక్కిలి విరివియైనది. పిల్లలు వీధిలో నాడునదియు ఆటయే, తోలుబొమ్మలు తెరపై నాడునదియు ఆటయే, తెల్లవాఱుదాఁక భాగవతులు ప్రదర్శించునదియు ఆటయే. కావున ఆటను చూచి గాని ఆడి గాని కన్నీరు విడుచుట యీ భాషవారికి వింత కారాదు. అట్లయ్యు, యువకులు వీడియోగేముల నాడుచు తెరముందు ఏడ్చుచున్నారని వినినచో పండితులు నవ్వుదురు. ఆ కన్నీరు రసమా, కేవల లౌకికశోకమా యనునది విచార్యము.

విశాఖపట్టణ మండలమున ఈ విచారమునకు తగిన ప్రాచీనోదాహరణము బొబ్బిలికథ. బొబ్బిలియు విజయనగరమును పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనివే. 1979లో విజయనగరము జిల్లా వేఱుపడినది. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచిసేనాని బుస్సీ విజయరామరాజు పక్షమున బొబ్బిలికోటను ముట్టడించెను. కోట నిలువదని తెలిసినంతనే లోనివారు తమ స్త్రీలను శిశువులను తామే వధించి, కత్తి చేతఁబట్టి పోరి మడిసిరి. కొలఁదిదినములకే తాండ్ర పాపారాయుఁడు విజయరామరాజును గుడారమున పొడిచి చంపెను. ఈ వృత్తాంతమును దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమను కావ్యముగా రచించెను. వేదము వేంకటరాయశాస్త్రి నాటకముగా వ్రాసెను. కాని పామరుల కన్నులను తడిపినది జంగముల పాట. కథకుఁడు తంబుర మీటుచు అందెలు మ్రోయించుచు నుండఁగా, వంతలు గుమ్మెటలు వాయించుచు తందాన పలుకుదురు. ముట్టడినాఁడు పాపారాయుఁడు రాజాములో నుండెననియు, సమయమునకు రాలేదనియు శ్రోతల కందఱకును ముందే తెలియును. తెలిసియు, ఈ రాత్రియైన వచ్చి కోటను కాచునేమో యన్నట్లు చెవియొగ్గి కూర్చుందురు. కథను మార్చుటకు వారిచేతిలో నేమియు లేదు. వారి కన్నీటికి మూలమిదియే.

భరతుఁడు ఇష్టజనవియోగము, విభవనాశము, వధ, బంధము మున్నగువానిని కరుణమునకు విభావములుగా పేర్కొని, అశ్రువును ఎనిమిది సాత్త్వికభావములలో చేర్చినాఁడు. భట్టనాయకుని సాధారణీకరణమతము ననుసరించి, ప్రేక్షకుఁడు శోకమును తనదిగాను పరునిదిగాను ఎంచక ఆస్వాదించును. వీడియోగేములో నట్లుగాదు. అందు ఆడువాఁడే నడచును, వాఁడే కొట్టును, వాఁడే ఓడును. శోకము "తనది" యైనచో రసమెట్లగునని ఆక్షేపము. ఇది త్రోసిపుచ్చఁదగినది గాదు.

చరిత్రము చూచినచో, 1983లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఆర్ట్సు అను నూతనసంస్థ, కంప్యూటరు మనుష్యుని ఏడిపింపఁగలదా యని ప్రశ్నించుచు పత్రికలలో ప్రకటన వేసెను. ఆ సంవత్సరముననే ఇన్‌ఫోకాం సంస్థవారి "ప్లానెట్‌ఫాల్" వెలువడినది. స్టీవ్ మెరెట్స్కీ రచించిన యా గేములో బొమ్మలు లేవు, అక్షరములే. ఫ్లాయిడ్ అను పసిచేష్టల రోబో ఆడువానికి తోడై తిరిగి, తుదకు వానికొఱకు అపాయకరమగు గదిని చొచ్చి ప్రాణము విడుచును. కథాంతమున ఆ రోబో మరల బాగుపడి కనఁబడుట గమనింపఁదగినది. విషాదాంతమును సహింపని సంస్కృతనాటకసంప్రదాయము ఆ రచయిత యెఱుఁగకయే పాటించినట్లున్నది!

1997లో జపానుదేశపు స్క్వేర్ సంస్థ "ఫైనల్ ఫాంటసీ 7"లో ఆ దయ చూపలేదు. ఆడువారు ఎన్నో గంటలు వెంటఁ ద్రిప్పుకొని, శక్తులు నేర్పి పెంచిన ఏరిత్ అను యువతి కథమధ్యమున కత్తికి బలియగును. ఆమెను బ్రతికించు మార్గ మెచ్చటనో దాఁగియున్నదని ఆటగాండ్రు చిరకాలము వెదకిరి. పాపారాయునికై చెవియొగ్గిన శ్రోతలకును వీరికిని భేదము స్వల్పము.

పై ఆక్షేపమునకు సమాధానము 2013లో జోసెఫ్ ఫారెస్ దర్శకత్వమున స్వీడనులో తయారైన "బ్రదర్స్" అను గేమునందు దొరకును. అందు అన్న ఒక చేతికిని, తమ్ముఁడు వేఱొక చేతికిని లోఁబడి కదలుదురు. తమ్మునికి నీరనిన భయము. అన్న వీఁపుపైఁ గాని యేఱు దాఁటఁడు. అన్న మరణించిన పిదప ఆడువాని యొక చేతికి పని లేకపోవును. వరద యడ్డమైనచోట, తమ్ముఁడొక్కఁడే నిలిచియుండఁగా, అన్నకు చెందిన యా చేతి మీటను నొక్కిననే వాఁడు ఈఁదును. ఈ కన్నీరు చేతినుండి పుట్టినది. అయినను అన్న మృతి ఆడువాని యింటిలోని మృతి గాదు. వాఁడు కోల్పోయినది కల్పితబంధువునే. క్రియ తనది, నష్టము కల్పితము. సాధారణీకరణమున కిచ్చట భంగము లేదు, త్రోవ మాత్రమే క్రొత్తది.

నష్టముకూడ యథార్థమైన యుదాహరణము 2016లో వెలువడిన "దట్ డ్రాగన్, క్యాన్సర్". రైయన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతులు క్యాన్సరువాతఁబడి 2014లో మరణించిన తమ కుమారుఁడు జోయెల్ కథను సహచరులతో కలసి గేముగా నిర్మించిరి. ఆసుపత్రిలో నొక రాత్రి శిశువు ఏడుపు మానఁడు. ఆడువాఁడు ఎత్తికొని త్రిప్పినను, త్రాగుట కిచ్చినను ఊరడిల్లఁడు. ఏ మీట నొక్కినను ఫలము లేదు. తండ్రి ప్రార్థించువఱకు ఆడువాఁడు ఆ గదిలోనే యుండి వినవలయును.