ఒంటె కడుపులో నీళ్ళ ట్యాంకు వుందా?

మా రాయపూర్ చుట్టుపక్కల పొలాల్లో గుజరాత్ కచ్ఛ్ నుంచి గొర్రెల మందలతో వచ్చే రబారీలు కనిపిస్తుంటారు. వాళ్ళ సామాను మోసేవి ఒంటెలు. ఈ మధ్య అలాంటి ఒంటె ఒకటి తుమ్మ కొమ్మలు మేస్తుంటే మా మనవడు అడిగాడు: "తాతయ్యా, దీని పొట్టలో నీళ్ళ ట్యాంకు వుంటుందట కదా?"

మిత్రులారా, ఈ నమ్మకం చాలా పాతది. ఒంటె నీళ్ళు దొరికినప్పుడు గడిచిన దాహానికీ, రాబోయే దాహానికీ కలిపి తాగుతుందని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే రాశాడు. ఎడారిలో దారి తప్పినవాళ్ళు ఒంటెను చంపి, కడుపులో నీళ్ళు తాగి బతికారనే కథలూ పుట్టాయి.

ఇది కేవలం పామరుల నమ్మకం కాదు. ఎవరార్డ్ హోమ్ అనే పేరుమోసిన లండన్ సర్జన్ ఒంటె కడుపు కోసి చూశాడు. గోడ వెంట వరసగా చిన్న చిన్న సంచులు కనిపించాయి. అవి నీళ్ళు దాచే గదులేనని 1806లో రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. మా లెక్కలో ఇది గోడౌన్‌లో వున్న సరుకేమిటో పరీక్షించకుండా స్టాకు రిజిస్టరులో పేరు రాసేయడమే.

ఆ పరీక్ష 1953-54లో జరిగింది. క్నూట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త అల్జీరియా సహారాలో ఒంటెల మీద పరిశోధన చేశాడు. సంచుల్లో వున్నది నమిలిన మేత. అందులోని ద్రవం మంచినీళ్ళు కాదు, ఉప్పటిది. అన్ని సంచులూ కలిపినా పట్టేది కొద్ది లీటర్లే.

మైక్రోస్కోపు కూడా ఇదే చెబుతుంది. ఆ అరలో మిగతా గోడకు మన నోటి లోపలి పొరలాగా పలు వరసల చదునైన కణాలుంటాయి. సంచుల్లో మాత్రం ఒకే వరస స్తంభాకార కణాలు, గొట్టాల్లాంటి గ్రంథులు. ఉత్త ట్యాంకుకి గ్రంథులెందుకు? అక్కడి కణాలు నీటినీ, లవణాలనీ పీల్చుకుంటాయని తరవాతి పరిశోధనలు చూపాయి. అంటే అది నీరు దాచే చోటు కాదు, రక్తంలోకి పంపే చోటు.

"నీళ్ళు పొట్టలో కాదు, మూపురంలో" అని సరిదిద్దేవాళ్ళు మనలోనూ వున్నారు. మూపురంలో వున్నది కొవ్వు. అది ఖర్చయితే నీరు పుడుతుంది, నిజమే. కానీ అందుకు కావలసిన ఆక్సిజన్ కోసం పీల్చి వదిలే ఊపిరిలో నీరు పోతుంది. ఎడారి పొడిగాలిలో నికరలాభం మిగలదు. అసలు కిటుకు పొదుపు: పగలు ఒంటి వేడిని పెరగనిచ్చి చెమట తగ్గించుకుంటుంది, మూత్రం చిక్కగా పోస్తుంది, బరువులో నాలుగోవంతు నీరు తగ్గినా తట్టుకుంటుంది.

హోమ్ అబద్ధం చెప్పలేదు. కళ్ళారా చూశాడు. బాబాల మహిమల గురించి చెప్పేవాళ్ళూ ఇదే మాట అంటారు. చూస్తే చాలదు, చూసినదాన్ని కొలవాలి.

ఇదంతా చెబితే మనవడు, "నువ్వు చూశావా తాతయ్యా?" అన్నాడు. చూడలేదు, చదివానన్నాను. అయితే ఇది ఎవరైనా మళ్ళీ కోసి, కొలిచి సరిచూసుకోగల సంగతి. తేడా అక్కడే వుంది.