జాబితాకెక్కిన నేల

పుప్పాలగూడలో ఇల్లు తీసుకున్నవాళ్లకు అన్నిటికన్నా ముందు అలవాటయ్యేది బండలు పేల్చే చప్పుడు. ముందు ఒక ఈల వినిపిస్తుంది, ఆ తర్వాత కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి. ఆ రాయి పుట్టి దాదాపు 250 కోట్ల ఏళ్లయింది. టవర్‌కు అడ్డం వస్తే నెల తిరక్కుండా కంకరవుతుంది.

ఈ రాళ్లకూ ఒకప్పుడు చట్టం ఉండేది. 1995లో హుడా పరిధికి వారసత్వ రక్షణ నిబంధనలు వచ్చాయి. 13వ నంబరు రెగ్యులేషన్ అంటే పాత ఫైళ్లు తిరగేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దేవిడీలు, మహళ్లతో పాటు మాదాపూర్‌లోని ఎలుగుబంటి ముక్కు రాయి, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి, దుర్గం చెరువు చుట్టూ గుట్టలు కూడా ఆ జాబితాకెక్కాయి. 2015లో ఒక జీవోతో ఆ రెగ్యులేషన్‌నే ఎత్తేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఈ మధ్యకాలంలో ఏ గుట్ట ఏమైందన్నది పక్కన పెడదాం. నేను చెప్పదలచింది వేరు: జాబితాలో పేరెక్కించిన చెయ్యే దాన్ని కొట్టేయగలదు.

రాళ్ల సంగతి సరే, మనుషుల సంగతీ అంతే. మనం ‘షెడ్యూలు తెగలు’ అంటాం. షెడ్యూలు అంటే జాబితాయే. తెలుగు నేల మీద ఆదివాసీ గుర్తింపు చరిత్ర, ఎవరో దూరాన కూర్చుని రాసిన జాబితాల చరిత్ర.

మొదటి జాబితా మనుషులది కాదు, నేలది. 1839లో ఈస్టిండియా కంపెనీ గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది. కలెక్టరు అక్కడ గవర్నరుకు ఏజెంటు. మనం ఇప్పటికీ నోరారా అనే ‘ఏజెన్సీ’ అక్కడిదే. ఇది ప్రేమతో చేసిన ఏర్పాటేమీ కాదు. తిరుగుబాట్లు అణచడానికి అడ్డులేని అధికారం కావలసి వచ్చింది. అయినా తిరుగుబాట్లు ఆగలేదు. 1879లో రంప భగ్గుమంది. 1882 అటవీ చట్టం పోడును నేరం చేసింది. 1917లో ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఒక చట్టం తెచ్చారు. అయిదేళ్లకే, 1922లో, అల్లూరి మన్యంలో విల్లందుకున్నాడు. భూమిని కాపాడే చట్టం, అడవిని లాక్కునే చట్టం ఒకే సర్కారువి. ఈ రెండు నాలుకలూ తర్వాతి సర్కార్లకు వారసత్వంగా వచ్చాయి.

నిజాం రాజ్యంలో కథ ఇంకోలా నడిచింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అక్కడ ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడు పట్టింది. ఆ పని ఒప్పజెప్పింది ఎవరికో చూడండి. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఆస్ట్రియా మనిషి. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి శత్రుదేశపు పాస్‌పోర్టు ఉందని బ్రిటిషు వాళ్లు ఆయన్ను హైదరాబాద్ రాజ్యం దాటి పోనివ్వలేదు. ఎటూ కదలలేని మనిషి నల్లమల చెంచుల్లోకి వెళ్లాడు, తర్వాత ఆదిలాబాద్ గోండుల్లోకి వెళ్లి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. గోండి భాషలో చదువు చెప్పే టీచర్లను తయారుచేశారు. భూమి దున్నుకుంటున్న వేలమందికి లావణి పట్టాలు అందాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి కూర్చుని జనం గోడు వినే దర్బారు కూడా ఆయన చలవే. మెస్రం వంశం పూజలు ముగిశాక ఆ దర్బారు నేటికీ నడుస్తోంది. హైమెండార్ఫ్ భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో పోయారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది, ఆయన అస్థికలూ తర్వాత అక్కడికే చేరాయి. పరాయివాడొకడు ఇంత చేశాడని మురిసిపోవడం మనకు తేలిక. భీం ప్రాణం పోతే తప్ప ఆ పరాయివాణ్ణి అడవికి పంపాలన్న ఆలోచన సర్కారుకు రాలేదన్నది ఒప్పుకోవడమే కష్టం.

1950లో రాజ్యాంగం రెండు జాబితాలు చేసింది. 342వ అధికరణ కింద మనుషుల జాబితా, అయిదో షెడ్యూలు కింద నేల జాబితా. రాజ్యాంగ సభలో జైపాల్‌సింగ్ ముండా ‘ఆదివాసీ’ అన్న మాటే ఉండాలని పట్టుబట్టాడు. ఆ మాట రాజ్యాంగంలోకి రాలేదు. మొదటి నుంచీ ఉన్నవాడు అంటే వెనకాల వచ్చినవాడెవడన్న ప్రశ్న పుడుతుంది. జాబితాలో ఉన్నవాడు అంటే ఏ ప్రశ్నా లేదు. 2007లో ఐక్యరాజ్యసమితిలో మూలవాసుల హక్కుల ప్రకటనకు మన దేశం ఓటేసింది, అదే నోటితో భారతీయులంతా మూలవాసులేనంది. ఆరోజు వ్యతిరేకంగా ఓటేసిన నాలుగు దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి.

భూమి దగ్గరే అసలు పోరు. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకూ వర్తింపజేశారు. 1970 సవరణతో అది పదునెక్కింది. ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మడానికి వీల్లేదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని చట్టం భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. ఈ సవరణ నంబరైన ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అన్న మాట భద్రాచలంలో, ఉట్నూరులో చదువురానివాళ్ల నోట కూడా వినిపిస్తుంది. చట్టం నంబరు ఇంటిమాట కావడం మన దగ్గర అరుదు. చట్టం ఉన్నా భూములు జారుతూనే పోయాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లు 13 మంది అంది సర్కారు, జనం ఆ లెక్కను ఏనాడూ నమ్మలేదు.

చట్టం నిజంగా పనిచేసిన రోజు 1997 జూలై 11. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల ఊళ్లలో ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టులో గెలిచింది. 1970 సవరణలోని ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందా? ఉంది అన్నారు జస్టిస్ కె. రామస్వామి. అంటే ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడికి ఇవ్వడానికి సర్కారుకు కూడా హక్కు లేదు. ఒక్క మాట అర్థం మీద కొండలు నిలబడ్డాయి. 2001లో బాల్కో కేసులో అదే సుప్రీంకోర్టు ఈ తీర్పు మీద తన సందేహాలు చెప్పింది. 2015లో చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లు బాక్సైట్ కోసం ఇస్తూ జీవో 97 వచ్చింది. మన్యం లేచింది, జీవో అటకెక్కింది, 2019లో రద్దయింది.

జాబితా లోపలి తగువు కూడా ఉంది, దాన్ని దాటేస్తే నిజాయితీ కాదు. తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. సర్కారు ఉద్యోగాలు, ఏజెన్సీ భూములు వాళ్లకే పోతున్నాయని గోండులు, కోయలు 2017లో ఆదిలాబాద్ అంతటా కదిలారు. తండాల్లోనూ పేదరికం తక్కువేం కాదు. పై నుంచి వడ్డించే విస్తరి ఒక్కటే అయినప్పుడు పక్కవాడే పగవాడవుతాడు. ఆ విస్తరి ఎంత వెడల్పుండాలో ఎవరూ అడగలేదు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. ఏజెన్సీ బడుల్లో టీచర్లందరూ స్థానిక గిరిజనులే ఉండాలన్న 2000 నాటి ఉత్తర్వు అది. నూటికి నూరు కుదరదంది కోర్టు. నెల దాటాక పశ్చిమ ఆస్ట్రేలియాలో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం జూకన్ లోయలోని రాతి గుహలను పేల్చేసింది. మనుషులు 46,000 ఏళ్లుగా మసలిన ఆనవాళ్లున్న గుహలవి. పేల్చడానికి కంపెనీకి చట్టప్రకారం అనుమతి ఉంది! అక్కడి సర్కారు సిగ్గుపడి తెచ్చిన కొత్త వారసత్వ చట్టం 2023 జూలై 1న అమల్లోకొచ్చింది. రైతులు, భూస్వాములు గగ్గోలు పెట్టారు. నెల దాటగానే దాన్ని ఎత్తేస్తున్నామని అదే సర్కారు ప్రకటించింది. అదే ఏడు అక్టోబరు 14న, మూలవాసులకు పార్లమెంటుకు సలహా చెప్పే వేదిక ఇద్దామా అని దేశమంతా ఓటేస్తే నూటికి అరవై మంది వద్దన్నారు. ప్రత్యేక గుర్తింపు ఇస్తే సమానత్వం చెడుతుందన్నది అక్కడి వాదన. జీవో 3 కేసులోనూ మిగతావాళ్ల సమానావకాశం మాటే గెలిచింది.

నా మటుకు నాకు మన దగ్గరి అసలు వారసత్వ చట్టం పురావస్తు శాఖ బల్లల మీద లేదు. పంచాయతీ పాలనను షెడ్యూలు ప్రాంతాలకు విస్తరిస్తూ 1996 డిసెంబరులో వచ్చిన పీసా చట్టం నాలుగో సెక్షన్లో ఉంది. తమ ఆచారాలు, సంస్కృతి, ఉమ్మడి వనరులు కాపాడుకునే అధికారం గ్రామసభదేనని అందులో రాసుంది. జాబితాలో పేరు ఉండటం ఒకటి, కాదనే హక్కు ఉండటం ఇంకొకటి. రెండోది ఎలా ఉంటుందో నియమగిరి చూపించింది. అటవీ హక్కుల చట్టం ఆధారంగా 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంటే, డోంగ్రియా కోందులున్న 12 ఊళ్లు వేదాంత గనిని ఏకకంఠంతో వద్దన్నాయి. అది మా దేవుడి కొండ అన్నారు. ఆ కొండ మీద గని రాలేదు. ఆ ఊళ్లు రాయగడ, కలహండి జిల్లాల్లో ఉన్నాయి, మన పార్వతీపురానికి అవతల.

ఆంధ్రప్రదేశ్‌లో పీసా నియమాలు రావడానికే 2011 దాకా పట్టింది. నియమాలొచ్చినా, ఆ సెక్షన్ వర్తించేది షెడ్యూలు నేల మీద మాత్రమే. నేల జాబితాలో ఊరి పేరు లేకపోతే మనుషుల జాబితాలో పేరున్నా గ్రామసభకు ఈ అధికారం లేదు, వన్ ఆఫ్ సెవెంటీ లేదు. నల్లమలలో చూడండి. 2019లో యురేనియం తవ్వకాల మీద అమ్రాబాద్ చెంచులు లేచారు, తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. కృష్ణ దాటితే అవే చెట్లు, అదే చెంచు మాట. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి ఆ ఇంటి అల్లుడయ్యాడని ఊరూరా చెప్పుకుంటాం. ఈ దరిన అమ్రాబాద్ చెంచుల ఊళ్లు అయిదో షెడ్యూలులో ఉన్నాయి. ఆ దరిన పాత కర్నూలు, ప్రకాశం జిల్లాల వైపున్న చెంచు గూడేలు 1950లోనూ లేవు, ఇప్పుడూ లేవు.