నాగయ్య వేమన

మా గాండ్లపెంట మండలంలోని కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. కాని వేమన పాఠం చెప్పేటప్పుడు నా కళ్ళముందు మెదిలేది 1947 నాటి ‘యోగి వేమన’లో చిత్తూరు నాగయ్య ముఖమే. ఒకసారి ఆ చిత్రం గురించి చెబుతుంటే ఒక విద్యార్థి, “వేమన అంత శాంతంగా ఉంటే ఆ పద్యాలు ఎట్లా రాసినాడు సార్?” అన్నాడు. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

1904లో రేపల్లెలో పుట్టిన నాగయ్య చిత్తూరు నాటకాలతో పేరు తెచ్చుకుని, 1938లో ‘గృహలక్ష్మి’తో తెరమీదికి వచ్చారు. ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) చిత్రాలలో నటించారు. చదువుకున్న నిరుద్యోగి, వితంతువు, పనిమనిషి వాటి ఇతివృత్తాలు. సంఘ సంస్కరణోద్యమం అప్పుడప్పుడే తెరకెక్కుతున్న కాలమది. అంతలో ‘భక్త పోతన’ (1943) ఘనవిజయం సాధించింది. నాగయ్యే దర్శకత్వం వహించిన ‘త్యాగయ్య’ (1946), ఆ వెంటనే కె.వి.రెడ్డి ‘యోగి వేమన’ వచ్చాయి. సంస్కర్త పోయి భక్తుడు మిగిలాడు.

నాగయ్యను హాలీవుడ్ నటుడు పాల్ మునితో పోల్చేవారు. ముని 1937లో ఎమిలీ జోలాగా నటించాడు. ఆ చిత్రంలో రచయిత ప్రభుత్వాన్ని నిలదీసి బోనెక్కుతాడు. మన చిత్రంలో వేమన వైరాగ్యానికి కారణం ప్రాణప్రదమైన పసిపాప మరణం. కులాన్నీ విగ్రహాన్నీ ఎదిరించిన కవి ధిక్కారానికి సామాజిక కారణం వెనక్కిపోయి, వైయక్తిక దుఃఖం ముందుకొచ్చింది. నాగయ్య గానం, కరుణార్ద్రమైన చూపు ఆ దుఃఖాన్ని మరపురానిదిగా చేశాయి. ఆ నటన గొప్పదే. అందుకే దాని ప్రభావాన్ని విమర్శకుడు ఉపేక్షించరాదు.

నాగయ్య జీవితాన్నీ మనం అట్లాగే చదువుతున్నాం. 1965లో పద్మశ్రీ అందుకున్న నటుడు చివరి దశలో చిన్న వేషాలతో బతికి, 1973 డిసెంబరు 30న పేదరికంలోనే కన్నుమూశారు. “అడిగినవాడికల్లా ఇచ్చేశాడు, మహానుభావుడు” అంటాం. ఆయన దాతృత్వం నిజం. అయితే కథానాయకుడిగా ఉన్నన్నాళ్ళు ఆయన పేరుమీద లాభాలు గడించిన పరిశ్రమ, వృద్ధాప్యంలో ఆయనకు ఏ భద్రత కల్పించింది? ఆయనను ఋషిని చేస్తే ఈ ప్రశ్న అడగనక్కరలేదు.

వేమనను యోగిని చేసి ఆయన కోపాన్ని మరిచాం. నాగయ్యను త్యాగిని చేసి ఆయన ఆకలిని మరిచాం. మా విద్యార్థి అడిగిన ప్రశ్న ఇద్దరి విషయంలోనూ అడగవలసినదే.