భయపెట్టడమా, తెలియజెప్పడమా?

అంటువ్యాధి వచ్చినప్పుడల్లా పెద్దలు యువకులను మాట వినని మూర్ఖులుగానో, నీతి తప్పినవాళ్ళుగానో చూస్తారు. వాళ్ళు ఆలోచించగల మనుషులన్న నమ్మకం ఈ రెండు చూపుల్లోనూ లేదు. ఇందుకు ఎయిడ్సు చరిత్రే సాక్ష్యమని నా అభిప్రాయం.

1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య వారపత్రిక, లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు సోకిన ఒక అరుదైన ఊపిరితిత్తుల జబ్బును గురించి ప్రకటించింది. వాళ్ళంతా స్వలింగ ప్రియులు. ఇక జబ్బును గురించిన జ్ఞానం కంటే నింద ముందు వ్యాపించింది. ప్రెసిడెంటు రీగన్ ఈ వ్యాధిపై తన మొదటి పెద్ద ఉపన్యాసం చేసింది 1987 మే నెలలో. అప్పటికి వేలాదిమంది చనిపోయారు.

ప్రభుత్వం చెప్పనిది రోగులే చెప్పారు. 1983 మేలో న్యూయార్కులో రిచర్డ్ బెర్కోవిట్జ్, మైకేల్ కాలెన్ అనే ఇద్దరు రోగులు, డాక్టరు జోసెఫ్ సొనబెండ్ సలహాతో ఒక చిన్న పుస్తకం వేశారు. వ్యాధికి కారణమైన వైరస్ ఏదో అప్పటికింకా రుజువు కాలేదు. కారణాన్ని గురించి వాళ్ళు నమ్మిన సిద్ధాంతం తర్వాత తప్పని తేలింది కూడా. అయినా వాళ్ళ సలహా నిలిచింది. ఎందువల్ల? వాళ్ళు సుఖాన్ని పాపమనలేదు. ఏ పనిలో ఎంత ప్రమాదముందో, దాన్ని ఎలా తగ్గించుకోవాలో విడమరిచి చెప్పారు, కండోములు వాడమన్నారు. సాటివాళ్ళ మీది ప్రేమతో రాశారు.

పాలకులేం చేశారు? 1987 అక్టోబరులో సెనేటర్ జెస్సీ హెల్మ్స్, స్వలింగ సంబంధాలను ప్రోత్సహించే ఎయిడ్సు ప్రచారానికి ప్రభుత్వ ధనం ఇవ్వరాదని ప్రతిపాదించాడు. సెనేటులో 94 మంది ఔనన్నారు, ఇద్దరు మాత్రమే కాదన్నారు. స్పష్టంగా చెప్పడమే ప్రోత్సాహమైపోయింది!

బ్రిటను 1987లో ఇంటింటికీ కరపత్రం పంపింది, టెలివిజన్లో సమాధిరాయి చూపించింది. న్యాయంగా చెప్పాలంటే ఆ కరపత్రం కండోముల సంగతి దాచలేదు. కాని 1989లో ప్రజల లైంగిక జీవనంపై సర్వే తలపెట్టినప్పుడు, థాచర్ ప్రభుత్వం డబ్బివ్వ నిరాకరించింది. వెల్‌కమ్ ట్రస్టు ఇచ్చింది. జనం ఎలా జీవిస్తున్నారో తెలుసుకోవడానికి ఇష్టపడనివాళ్ళు, ఎలా జీవించాలో మాత్రం చెబుతారన్నమాట.

భయం ఒకసారి తల తిప్పి చూసేట్టు చేస్తుంది, నిజమే. కాని ఆ చూసినవాడికి చేయవలసిన పనేమిటో తెలియకపోతే, భయం నిందగానో నిర్లక్ష్యంగానో మారుతుంది. 2020 కోవిడ్ నాడు కూడా యువకులను బాధ్యత లేనివాళ్ళని తిట్టినవాళ్ళకు కొదవ లేదు. ఇరుకు గదుల్లో కాపురముండే విద్యార్థి దూరం ఎలా పాటించాలో, కూలికి పోక తప్పని యువకుడు ఏం చేయాలో చెప్పినవాళ్ళు తక్కువ. పాఠం చెప్పే వృత్తిలో ఉన్నవాళ్ళం మనం ఈ రెండో పనికి పూనుకోవాలి. అందుకు ముందుగా యువకులను అడగాలి, వాళ్ళు చెప్పింది వినాలి.