సినిమా జమీందారు ఇల్లు, మన వైపు గడీ

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరినప్పుడు కోటలు, శాసనాల గూర్చి వ్రాయాలనే అనుకున్నాను. ఆ వారమే టీవీలో ‘మిస్సమ్మ’ వేశారు. మనుమలతో కూర్చుని మరొకసారి చూశాను. పిల్లలు పగలబడి నవ్వుతుంటే నాకు చిన్ననాటి మాట ఒకటి జ్ఞాపకం వచ్చి మనసు అటు మళ్ళింది. అందుకని ఈ వ్యాసం ఆ సినిమాలోని అప్పాపురం జమీందారు గారి ఇంటితోనే మొదలు పెడుతున్నాను.

కథ మీ అందరికీ తెలిసినదే. 1955లో విజయా వారు తీశారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం. రవీంద్రనాథ్ మైత్రా అనే ఆయన వ్రాసిన బెంగాలీ నాటకం దీనికి ఆధారం. జమీందారుగా ఎస్.వి. రంగారావు, ఆయన భార్యగా ఋష్యేంద్రమణి. ఊళ్ళో బడి నడపడానికి భార్యాభర్తలైన పట్టభద్రులు కావాలని వారు ప్రకటన ఇస్తే, రామారావు, సావిత్రి దంపతులమని చెప్పుకొని ఆ ఇంట చేరతారు. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురి కోసం వెతుకులాట, కాలి మీద పుట్టుమచ్చ ఆనవాలు, నాగేశ్వరరావు డిటెక్టివు వేషాలు, ఇవన్నీ కలిసి తెలుగువారి నవ్వుల ఖజానా అయింది. ఆ ఇల్లు వెన్నెల్లో చూస్తే ఎవరికైనా అక్కడ నాలుగు రోజులు ఉండి రావాలనిపిస్తుంది. మార్కస్ బార్ట్లే కెమెరా పనితనం అది.

ఆ సినిమా వచ్చేనాటికి నిజమైన జమీందారీలు చట్టరీత్యా లేవు. మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. నైజాం రాజ్యంలో జాగీర్ల రద్దు 1949 ఆగస్టులో జరిగింది. అంటే జమీందారు అధికారం పోయిన ఆరేడేళ్ళకు ఆయన తెర మీద పెద్దమనసున్న తాతయ్యలాగా దిగాడు. అంతకు ముందు సంగతి వేరు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు ‘రైతుబిడ్డ’ తీస్తే జమీందారులలో కొందరు మండిపడ్డారు, నెల్లూరు జిల్లాలో నిషేధం కూడా పెట్టారు. ఆ చిత్రానికి వెనుక నిలిచినది చల్లపల్లి రాజా వారే, అంటే ఆయనా ఒక జమీందారే! చరిత్రలో ఇటువంటి తమాషాలు ఉంటాయి. అధికారం ఉన్నంత కాలం జమీందారు కథ తగాదాకు దారి తీసింది. అధికారం పోయాక హాస్యానికి పనికి వచ్చింది.

మన సత్తుపల్లి వారికి ఈ తేడా ఇంకొంచెం బాగా తెలియాలి. సరిహద్దు దాటి తిరువూరు, నూజివీడు వైపు వెళితే జమీందారీ, అక్కడి మాట ‘దివాణం’, ‘కోట’. ఇటు నైజాం వైపు దేశ్‌ముఖులు, ఇక్కడి మాట ‘గడీ’, ‘దేవిడీ’. జమీందారు సర్కారుకు పేష్కషు కట్టి తన ఎస్టేటులో శిస్తు వసూలు చేసుకునేవాడు. దేశ్‌ముఖు మొదట శిస్తు వసూలు చేసే ఉద్యోగి మాత్రమే. సాలార్‌జంగు సంస్కరణలతో ఆ వసూలు పని సర్కారు చేతికి పోగా, దేశ్‌ముఖులకు రుసుములు మిగిలాయి, వాటితో పాటు చేజిక్కించుకున్న భూములూ మిగిలాయి. పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణా పోరాటం గూర్చి వ్రాసిన పుస్తకంలో విసునూరు దేశ్‌ముఖుకు 40 వేల ఎకరాలు అని, మన పొరుగున ఉన్న కల్లూరు దేశ్‌ముఖుకు లక్ష ఎకరాలు అని లెక్క చూపారు. రెవెన్యూలో పహాణీలు వ్రాసిన చేతికి లక్ష ఎకరాలంటే ఏమిటో తెలుస్తుంది. ఒక పట్వారీ జీవితకాలం వ్రాసినా తరగదు.

ఇక చిన్ననాటి మాట. 1960ల మొదట్లో మా ఊరికి టూరింగ్ టాకీసు వచ్చినప్పుడు ‘మిస్సమ్మ’కు మా నాయనమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. నేల టిక్కెట్టు. జనమంతా నవ్వుతున్నారు. ఆమె మాత్రం నా చెవిలో, “ఒరే అయ్యా, అంత పెద్ద ఇంటికి నీళ్ళెవరు మోత్తన్నార్రా? వడ్లెవరు దంచుతన్నారు?” అని అడిగింది. నాకు విసుగు పుట్టింది. పాట వస్తున్నదని నోరు మూసుకోమన్నాను. ఇప్పటికీ ఆ మాట అన్నందుకు నొచ్చుకుంటాను.

ఆమె చిన్నతనంలో తల్లితో కలిసి గడీకి దంపుడు పనికి పోయేదట. కూలి లేదు, వెట్టి. కుమ్మరి కుండలు, చాకలి బట్టల మూట, మాదిగ చెప్పులు, గొల్ల మేకపిల్ల, ఎవరి వంతు వారు ఇచ్చుకోవలసిందే. వెట్టి చేయించరాదని నైజాం ఫర్మానాలు ఉన్నా గడీ గోడ దాటి లోపలికి రాలేదు. దొర కూతురికి పెళ్ళయితే సారెతో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆమెను ‘ఆడబాప’ అనేవారు. మా నాయనమ్మ అక్కను అలాగే పంపారు. ఆ తర్వాత ఇంటి వారికి ఆమె మళ్ళీ కనబడలేదు. సినిమా నుంచి తిరిగి వస్తూ దారిలో నాయనమ్మ అన్న మాట ఒక్కటే: “మా అక్కకి గూడా మెడకాడ మచ్చుండేది.”

జమీందారు బిడ్డ తప్పిపోతే డిటెక్టివు వచ్చాడు. ఈ పిల్ల తప్పిపోలేదు, పంపబడింది కనుక వెతకడానికి ఎవరూ బయలుదేరలేదు.

ఆ లోపలి సంగతి తెర మీదికి రావడానికి చాలాకాలం పట్టింది. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో ‘మా భూమి’ వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. మెదక్ జిల్లా మంగళపర్తిలో తీశారు. దాని నిర్మాతలలో ఒకరైన బి. నరసింగరావు గారు స్వయంగా దొరల కుటుంబంలో పుట్టినవారే. ఆయనే 1988లో ‘దాసి’ తీశారు. గడీలో ఆడబాప బ్రతుకు ఆ చిత్రానికి వస్తువు. అందులో నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ‘దాసి’ చూసే నాటికి మా నాయనమ్మ లేదు. ఉన్నా చూసేదో లేదో.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1975లో భూ పరిమితి చట్టం అమలుకు వచ్చినప్పుడు, డిక్లరేషన్ల కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు, భూమి తరగతిని బట్టి. సర్వే నంబరు, విస్తీర్ణం, తరగతి, అన్నిటికీ గళ్ళు ఉండేవి. పెద్ద ఇళ్ళ వారి డిక్లరేషన్లలో ఎక్కడెక్కడి బంధువుల పేర్లో కనబడేవి. ఆ ఇంట పని చేసిన వారి పేర్లకు మాత్రం గడి లేదు. చట్టం అడిగినది భూమి గూర్చి, మనిషి గూర్చి కాదు.

‘మిస్సమ్మ’ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఈసారి కూడా రేలంగి కనబడగానే మనుమల కంటే ముందు నేనే నవ్వాను. సినిమా అయ్యాక చిన్న మనుమరాలు, అటువంటి ఇల్లు మన దగ్గర ఎక్కడుంది తాతా, చూపిస్తావా అని అడిగింది. సెలవులకు వచ్చినప్పుడు నాకు తెలిసిన ఒక పాత దేవిడీకి తీసుకుపోదామనుకుంటున్నాను. పైకప్పు కూలింది, గోడలు ఉన్నాయి, వెనుక వైపు దంపుడు రోలు ఒకటి నేలలో సగం కూరుకుపోయి ఉంది.

మన సభ్యులలో సత్తుపల్లి, వేంసూరు, అశ్వారావుపేట, కల్లూరు వైపు వారు చాలామంది ఉన్నారు. గడీలో పని చేసిన తమ పెద్దల గూర్చి, ముఖ్యంగా ఆడబాపలుగా వెళ్ళిన వారి గూర్చి విన్న సంగతులు ఉంటే, పేరు, ఊరు, పంపిన ఊరు తెలిసినంత వరకు ఒక కాగితం మీద వ్రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. చేతివ్రాత ఎలా ఉన్నా ఫరవాలేదు, సాపు ప్రతి నేను తయారు చేస్తాను.