త్రిభుజములతో కొలిచిన నేల

సూరారమువంటి యూరి బడిలో ఏడవ తరగతి బాలుడు స్కేలుతో ఒక భుజమును గీచి, దాని రెండు కొనలయందును కోణమానిని నుంచి కోణములు గుర్తించి, ఆ రేఖలు కలిసికొనుచోట మూడవ శీర్షమును పెట్టును. నోటుపుస్తకములోని యీ పనియే రెండువందల యేండ్లక్రిందట మన గుట్టలమీద జరిగినది.

1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ చెన్నపట్టణము చెంత సెయింట్ థామస్ మౌంటు కడ ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలువ నారంభించెను. అందులకు 57 దినములు పట్టినవి. ఆపైన గొలుసుతో పని స్వల్పము. రేఖ రెండు కొనలనుండి దూరపు గుట్టను చూచి కోణములు కొలిచినచో, అడుగు పెట్టని భుజముల పొడవు లెక్కలో తేలును. ఆ భుజమే తరువాతి త్రిభుజమునకు ఆధారము. లెక్క దారి తప్పెనేమో యని 1811లో గుత్తికడను, 1815లో బీదరుకడను మరల గొలుసు పఱచి సరిచూచుకొనిరి.

వారి కోణమానిని అర టన్ను బరువుగల థియోడొలైటు. 1808లో తంజావూరు గుడిమీదికి చేర్చుచుండగా త్రాడు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని, చక్రము వంగిపోయెను. లాంబ్టన్ ఆరు వారములు దానియొద్దనే కూర్చుండి చక్కజేసెను. మన పిల్లల వృత్తలేఖిని మర వదులైన, బిగించి యిచ్చు ఓపిక ఇంటిలో ఎందరికి కలదు? చాపము గీయుచుండగనే కాలు జరుగును. పిల్లవాని లెక్క తప్పని మనము కోపపడుదుము!

మఱియొక చిక్కు కలదు. రెండు చాపములు ఒకదానికొకటి అడ్డముగా ఖండించుకొనిన బిందువు స్పష్టము. ఒరసికొనుచు పోయినచో, మొద్దు పెన్సిలు గీతల నడుమ శీర్ష మెక్కడనో తేలదు. సర్వేవారును ఈ హేతువు చేతనే సన్నని త్రిభుజములను వీలైనంతవరకు విడిచి, మూడు కోణములను కొలిచి మొత్తమును చూచుకొనెడివారు. నేల గుండ్రన గనుక వారి పెద్ద త్రిభుజములలో ఆ మొత్తము 180 అంశములకు రవంత మించును. కాగితముమీద మించరాదు; బాలుడు మూడవ కోణమును కొలిచి చూచిన చాలును.

1818లో జార్జి ఎవరెస్టు సహాయకుడుగా హైదరాబాదు చేరెను. మరుసటి యేడు వానకాలమున కృష్ణాగోదావరుల నడిమి అడవులలో జ్వరము తగిలి, అతడును పరివారమును పడకవేసిరి; వారిని హైదరాబాదునకు మోసికొని రావలసివచ్చెను. లాంబ్టన్ 1823 జనవరి 20న హింగన్‌ఘాటులో కన్నుమూసెను. ఆయన విడిచిన త్రిభుజముల వరుసను ఎవరెస్టు 1841 నాటికి హిమాలయ పాదముదాక నడిపించెను.